గవరయ్య వెళ్తుంటే ఆపిన మర

నేను ఒక ఎక్స్‌ట్రూడర్‌ని. పేరు నోరు తిరగకపోతే నొచ్చుకోకండి. నన్ను పద్నాలుగేళ్ళు నడిపిన గవరయ్యకే తిరగలేదు. ఆయన నన్ను ‘పొంగుల మర’ అనేవాడు. ఊళ్ళో వాళ్ళకీ అదే పేరు అలవాటైంది.

మీ వంటింట్లో జంతికల గొట్టం ఉంటుంది కదా, నేను దానికి పెద్ద చుట్టాన్ని. జంతికల గొట్టం పిండిని ఒత్తి వదిలేస్తుంది, వేయించడానికి నూనె వేరే కావాలి. నాకు నూనె అక్కర్లేదు. నా కడుపు ఒక ఇనప గొట్టం. అందులో నిలువెత్తు స్క్రూ ఒకటి తిరుగుతుంటుంది. పైన గరాటాలో పోసిన పిండిని అది నలిపి, తోసి, ముందుకు నెడుతుంది. ఆ రాపిడికీ, చుట్టూ కట్టిన హీటర్ల వేడికీ పిండి లోపలే ఉడికిపోతుంది. చివర్లో కన్నాలున్న అచ్చు. అందులోంచి బయటపడిన క్షణంలో, అంతవరకూ బిగబట్టుకున్న తడంతా ఒక్కసారిగా ఆవిరై, పిండి బుస్సుమని పొంగుతుంది. లోపలికి వెళ్ళింది మొదలు బయటికొచ్చేదాకా నిమిషం పట్టదు. ఇంత త్వరగా వంటయ్యే ఇల్లు మీకు తెలిసుండదు. వంట బాగుందని నాతో ఎవరూ అనలేదనుకోండి, అది వేరే సంగతి.

నన్ను కన్నది కోయంబత్తూరు వైపు ఒక చిన్న వర్క్‌షాపు. నా స్క్రూని చెక్కిన ముసలాయన ప్రతి మెలికనీ బొటనవేలితో తడిమి చూసేవాడు. ఎక్కడ గరుకు తగిలినా మళ్ళీ అరగదీసేవాడు. అక్కణ్ణుంచి లారీలో రాజమండ్రి వచ్చాను. నా మొదటి యజమాని అక్కడ మొక్కజొన్న రవ్వతో రింగులు చేయించి అమ్మేవాడు. పిల్లలు వాటిని పది వేళ్ళకీ ఉంగరాల్లా తొడుక్కుని, ఒక్కొక్కటే కొరుక్కు తినేవారు. రింగులో సగం గాలి. కవరులో మిగతాదంతా గాలి. మనుషులు గాలిని ఇంత ఇష్టంగా కొనుక్కుంటారని నాకు అప్పుడే తెలిసింది.

నన్ను నడపడానికి కుదిరినవాడు గవరయ్య. అంతకు ముందు సామర్లకోట దగ్గర ఒక సగ్గుబియ్యం మిల్లులో పాతికేళ్ళు చేశాడు. ఆ మిల్లు మూతపడి, పని వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చాడు. చదువు లేదు. నా మీటర్లలో అంకెలు చూసేవాడు గానీ నమ్మేవాడు కాదు. చెవి నా పక్కకి పెట్టి వినేవాడు. పిండి పొడిబారితే నా గొంతు ఎలా మారుతుందో, తడి ఎక్కువైతే ఎలా మారుతుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

పెద్ద కంపెనీల సరుకు మెరిసే కవర్లలో ప్రతి కిళ్ళీ కొట్టుకీ చేరాక రాజమండ్రి యజమాని చేతులెత్తేశాడు. నన్ను అమ్మకానికి పెట్టాడు. అప్పుడు గవరయ్య తన పాత మిల్లు యజమాని ఇంటికి కబురు పంపాడు. ఏనుగుతోపాటు మావటివాడు వచ్చినట్టు, నాతోపాటు తనూ తిరిగి సొంత ఊరికి వచ్చేశాడు.

ఆ పాత యజమాని పేరు గంగరాజుగారు. డెబ్బై ఆరేళ్ళు. మిల్లు పోయినా, మిల్లు షెడ్డు ఆయనకి మిగిలింది. అయితే నన్ను తెప్పించింది ఆయన కాదు, ఆయన కోడలు హైమవతి.

హైమవతి కాకినాడలో కెమిస్ట్రీ డిగ్రీ చదివింది. చదివిందన్న మాటే గానీ, పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ చదువు ఇడ్లీపిండి పులవడం దగ్గర తప్ప ఎక్కడా అక్కరకు రాలేదు. భర్త వీరభద్రానికి ఎరువుల దుకాణంలో ఉద్యోగం. పొద్దున వెళ్తే రాత్రికి వస్తాడు. మంచివాడే. ఇంట్లో ఏ విషయమైనా నాన్నగారిని అడగమంటాడు.

ఆమెకి ఈ ఆలోచన కాలవ దగ్గర పుట్టింది. ఇంటి ముందు మురిక్కాలవ ప్రతి వానకీ పొంగేది. కర్ర పెట్టి కెలికితే తెల్లటి థర్మాకోల్ ముక్కలు గుప్పెళ్ళకొద్దీ వచ్చేవి. పార్సిళ్ళలో గాజు సామాను పగలకుండా పోస్తారే, అవి. పోయినేడు తీసి ఎండబెట్టి చెత్తలో వేసినవే మళ్ళీ ఈ ఏడు తేలుతున్నాయని ఆమెకి అనుమానం. చుట్టూ ఊళ్ళలో కర్రపెండలం పండుతుంది. దాని గంజిపిండి బస్తాలు రోడ్డు మీదే దొరుకుతాయి. ఆ పిండినే పొంగించి గుల్లలు చేస్తే, పార్సిల్లో జాడీని కాస్తాయి, పని అయ్యాక నీళ్ళలో కరిగిపోతాయి కదా అని ఆమె లెక్క.

"తినడానికి కాదంట, పారెయ్యడానికంట!" అన్నారు గంగరాజుగారు, నన్ను లారీ మీంచి దింపుతున్న రోజున. "పారేసేదానికి మర ఎందుకమ్మా? ఊళ్ళో పారెయ్యడానికి సరుకు కరువా?"

"మావయ్యగారూ, ఇవి పారేస్తే మట్టయిపోతాయండి."

"అన్నీ మట్టే అవుతాయి లేమ్మా, కాస్త ముందూ వెనకా," అన్నారాయన. అని, "సరే. సిమెంటు వాళ్ళు షెడ్డు అద్దెకి అడుగుతున్నారు. శ్రావణం వెళ్ళేదాకా ఆగమంటాను. ఈలోగా ఒక్క నికరమైన ఆర్డరు తెచ్చి చూపించు, షెడ్డు నీది, నీ ఇష్టం. లేకపోతే మర ఎక్కడ తెచ్చావో అక్కడికి" అన్నారు.

అన్యాయమైన మాటేం కాదు. అయిదు నెలలు ఇచ్చారు.

ఆమె నా దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చేది. గాజులు తీసి ఒక స్టీలు గ్లాసులో వేసి, కొంగు బిగించేది. పిండిలో నీళ్ళు కలిపి, గుప్పెడు పట్టి నొక్కి చూసేది. ముద్ద నిలబడాలి, వేలితో తాకితే రాలిపోవాలి. తడి కొలిచే మిషను కొనాలని పుస్తకాల్లో ఉంది. ఆమె గుప్పిట ఆ మిషను పని చేసింది. ప్రతి రోజూ ఎంత పిండి, ఎంత తడి, ఏ వేడి, గుల్ల ఎలా వచ్చిందీ నోట్‌బుక్కులో రాసుకునేది. "ఈ రోజు కన్నాలు ఎక్కువ, వేలితో నొక్కితే లేవలేదు." "ఈ రోజు బాగుంది. కానీ పసుపు రంగు వచ్చింది, వేడి తగ్గించాలి." ఇంట్లో ఆమె చేసినవన్నీ పూట గడిచేసరికి తినేస్తే అయిపోయేవి. నా దగ్గర చేసినవి బస్తాల్లో నిలబడి ఉండేవి. సాయంత్రం వెళ్ళేముందు ఆ బస్తాల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళేది.

చేతికింద లోవమ్మ ఉండేది. పాత మిల్లులో సగ్గుబియ్యం ఎండబోసిన మనిషి. వచ్చిన మొదటి రోజే ఒక గుల్ల నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"అమ్మగారూ, కొంచెం ఉప్పూ కారం తగిలించండి. నా మాటిని, కోట్లు వస్తాయి."

"లోవమ్మా, ఇది తినేది కాదే."

"తినకూడనిది ఇంత ముద్దుగా ఎందుకు చేశారండీ మరి?"

లోవమ్మని అంటే ఏం లాభం? ఆ షెడ్డుకి వచ్చిన ప్రతి మనిషీ ముందొక గుల్ల నోట్లో వేసుకున్నవాడే. రాజమండ్రిలో తినమని రింగులిస్తే సగం కింద పారేసేవారు. ఇక్కడ పారెయ్యమని చేస్తుంటే తింటున్నారు. మనుషులతో ఎలా వేగాలో నాకు ఏనాడూ తెలీలేదు.

గవరయ్య ఆమెకి నేర్పినవాటిలో ముఖ్యమైనది ఒకటుంది. నన్ను నడపడం ఎవరైనా నేర్చుకుంటారు. ఆపడమే కష్టం.

"అమ్మాయిగారూ, ఈ మరని కడుపులో పిండితో ఎప్పుడూ ఆపకూడదండి. ఆపాలనుకున్నప్పుడు ముందు పిండి మానిపించి, తడి నూక పొయ్యాలి. అది లోపలున్నదంతా గెంటుకుంటూ బయటికొస్తది. పల్చగా, నీళ్ళోడతా వచ్చేదాకా తిప్పి, అప్పుడు మోటారు కట్టెయ్యాలి. లేదనుకోండి, లోపల ఉడికున్న పిండి గడ్డకట్టి రాయయిపోద్ది. రాయంటే రాయే. ఉలికి కూడా లొంగదు."

"మరి కరెంటు పోతే బాబాయ్?"

"పరిగెట్టడమే! అయిదు నిమిషాల్లోపు అచ్చు విప్పి స్క్రూ లాగెయ్యాలి. చెయ్యి కాల్తే కాల్తాది."

ఆయన చేతుల మీద ఆ మచ్చలు చాలానే ఉండేవి. కరెంటు పోయిన ప్రతిసారీ గోనెపట్టా చుట్టుకుని నా కడుపు ఖాళీ చేసేవాడు. ఆమె పక్కన నిలబడి చూసి, మూడోసారికి తనే చేసింది. మోచేతి దగ్గర కాలింది. ఇంట్లో అడిగితే పెనం అని చెప్పింది. పెనానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఆషాఢంలో వానలు మొదలయ్యాయి. గంజిపిండి గుల్లలకి తడి గాలే శత్రువు. బస్తాలో గుల్లలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకునేవి. చీమలు పట్టేవి. ఒకరోజు ఎలుక బస్తాకి కన్నం పెట్టి, లోపలే కాపురం పెట్టింది. "అదొక్కటే మన సరుకు మెచ్చుకుందండి," అంది లోవమ్మ. హైమవతి నవ్వలేదు. పిండిలో కొబ్బరిపీచు పొడి కలిపి చూసింది, గ్లిజరిన్ పాళ్ళు మార్చి చూసింది. పద్దెనిమిది రోజుల తర్వాత నోట్‌బుక్కులో ఒక్క మాట రాసింది: "నిలబడింది."

విశాఖపట్నంలో ఒక పచ్చళ్ళ కంపెనీ ఉంది. గాజు జాడీల్లో ఊరగాయలు పార్సిళ్ళు పంపుతుంది. దాని మనిషి శేషసాయి శ్రావణం మొదటి వారంలో వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. అట్టపెట్టెలో మా గుల్లలు పోసి, నడుమ ఆవకాయ జాడీ పెట్టి, నడుమెత్తు నుంచి వదిలాడు. పగల్లేదు. తలెత్తు నుంచి వదిలాడు. పగల్లేదు. స్టూలు ఎక్కి వదలబోతుంటే లోవమ్మ గిన్నె పట్టుకుని తయారైంది.

"అదేంటమ్మా?" అన్నాడు.

"ఏం లేదండీ. పగిల్తే ఆవకాయ నేల పాలెందుకని."

జాడీ ఆ మూడోసారీ పగల్లేదు. లోవమ్మ తప్ప అందరూ సంతోషించారు. శేషసాయి కిందికి దిగి అన్నాడు, "సరుకు బాగుందండి. కాని మాకు ప్రతి వారం కావాలి. మర నిలబడుతుందా లేదా అన్నదే నాకు కావాల్సింది. వచ్చే బుధవారం మధ్యాహ్నం వస్తాను. రెండు గంటలు ఆగకుండా నడిపి చూపించండి, గుల్లలన్నీ ఒక్క సైజులో రావాలి. అదే రోజు ఇంకో షెడ్డు కూడా చూడాలి. గురువారం మా వాళ్ళకి ఎవరో ఒకరి పేరు చెప్పెయ్యాలి."

ఆ వారం గవరయ్య నన్ను ఊడదీసి, ప్రతి బోల్టూ తుడిచి బిగించాడు. ‘మనూరి మరే గెలుస్తాదండి అమ్మాయిగారూ’ అని మంగళవారం సాయంత్రం ఇంటికి వెళ్ళాడు. బుధవారం తెల్లవారేసరికి లేడు. గుండె నొప్పి అన్నారు. ఆటో వచ్చేలోపే అయిపోయిందన్నారు.

హైమవతి ముందు ఆయన ఇంటికి వెళ్ళింది. తర్వాత శేషసాయికి ఫోను చేసింది. నా పక్కనే నిలబడి చేసింది కనుక ఆమె మాటలు విన్నాను. "అవునండి... లేదండి, మీ ఇబ్బంది నాకు అర్థమైంది... సరేనండి, రండి." వాయిదా కుదరలేదన్నమాట. గవరయ్య కొడుకు చంటి కూడా ఆమెతో ఆపొద్దనే అన్నాడట, "నడపండమ్మా. మా నాన్న సంగతి మీకు తెల్దా? తను పోయాడని మర ఆపితే లేచొచ్చి తిడతాడు."

పదిన్నరకి నన్ను మొదలుపెట్టింది. నేను వేడెక్కి, గుల్లలు ఒక్క సైజుకి కుదురుకునేసరికి గంట పైన పడుతుంది. ఆ రోజు నేను ఎంత బాగా తిరిగానో ఎలా చెప్పను! ప్రతి గుల్లా ఒకే కొలత, మల్లెమొగ్గ రంగు. ఆమె ఒక గుల్ల తీసి వేళ్ళ మధ్య నొక్కింది. అది మెల్లగా మళ్ళీ లేచింది. అప్పుడు డప్పులు వినిపించాయి.

షెడ్డు పెద్ద తలుపు రోడ్డు మీదికే ఉంటుంది. శవం మా ముందు నుంచే వెళ్ళాలి.

"లోవమ్మా, ఆఖరిసారి ఒక్క దండం పెట్టుకుని వచ్చేస్తాను. గరాటా ఖాళీ అవనియ్యకు. ఏం జరిగినా మర ఆపకు. అర్థమైందా?" అని చెప్పి, రోడ్డు దాటి, అవతల ఆడవాళ్ళు నిలబడ్డ వైపుకి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే గంగరాజుగారు ఇటు వచ్చారు. నన్ను దింపిన రోజు తర్వాత ఆయన షెడ్డులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. 

"ఆపవే లోవా. గవరయ్యని తీసుకొచ్చేస్తున్నారు."

"అమ్మగారు ఆపొద్దన్నారండి..."

"ఏంటీ? పిండిమర ఆపేశారు. టీకొట్టు వాడు పాటలు ఆపేశాడు. వాడు ముప్పై తొమ్మిదేళ్ళు మరల మధ్యనే బతికాడు. పాతికేళ్ళు నా మిల్లులో చేశాడు. నా షెడ్డులో, వాడి చేతికింద తిరిగిన మర, వాడి శవం ఎదురుగా గోల పెడుతుందా?"

ఆ ఊళ్ళో అది ఆచారం. వీధిలో శవం వెళ్తుంటే తిరిగేదేదీ తిరగకూడదు. లోవమ్మ ఒక్క అడుగు ముందుకేసింది, ఆగిపోయింది. ఆమె తల్లి ఆ మిల్లులో, తనూ ఆ మిల్లులో. ఆ పెద్దాయనకి అడ్డం నిలబడటం ఆమెకి ఎవరూ నేర్పలేదు. గంగరాజుగారు తన చేత్తో ఎర్ర బటన్ నొక్కారు. చాలదని మెయిన్ కూడా దించేశారు. దించి, కండువా తీసి కళ్ళు అద్దుకున్నారు.

నా స్క్రూ ఆగింది. కడుపునిండా పిండి. అచ్చు కన్నాల్లోంచి కాసేపు ఆవిరి బుసలు కొట్టింది, తర్వాత అదీ ఆగిపోయింది. తడి పోయిన పిండి నా గోడలని పట్టుకోవడం మొదలైంది.

రోడ్డు అవతల అంతమందిలో ఒక్క తల మాత్రం ఇటు తిరిగింది. నా చప్పుడు ఆగిపోయిందని ఆమెకి తెలిసింది. రెండడుగులు ముందుకి వేసింది. పక్కనున్న ముసలామె జబ్బ పట్టుకుని లాగింది, "శవానికి అడ్డంపడి వెళ్తావా తల్లీ? ఆగు." పాడె మా షెడ్డు ఎదురుగా వచ్చింది. ముందు నడిచేవాళ్ళు పేలాలు చల్లుతున్నారు. ఇన్నాళ్ళు పనిచేసిన చోటని, చంటి పాడె అక్కడే దింపమన్నాడు. దింపారు. చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలవాలి. "నాన్నా," అన్నాడు చంటి. ఆగాడు. "నాన్నా." ఏడుపుతో మూడోసారి మాట రాలేదు. ఎవరో భుజం పట్టుకుని నిలబెట్టారు. జనం అంతా ఊపిరి బిగబట్టి గవరయ్య మొహంలోకి చూస్తున్నారు, ఒకవేళ కళ్ళు తెరుస్తాడేమోనని. హైమవతి ఒక్కతే ఆ పాడె మీదుగా నన్ను చూస్తోంది. చూస్తూ భోరుమంది.

"ఎంతైనా కూతురిలా చూసుకున్నాడు కదా పాపం," అంది జబ్బ పట్టుకున్న ముసలామె.

మూడో పిలుపు అయ్యాక పాడె లేచింది. అప్పుడు పరిగెత్తుకు వచ్చింది. అప్పటికి గంగరాజుగారు లోవమ్మని బయటికి పంపి, తలుపుకి తాళం వేసేశారు.

"మావయ్యగారూ, తాళంచెవి ఇవ్వండి. రెండు నిమిషాలు. రెండే నిమిషాలండి."

"శవాన్ని చూసి మైలతో లోపలికా? ముందు తలస్నానం చేసి రామ్మా. మర ఎక్కడికీ పోదు," అన్నారాయన. తాళంచెవి బొడ్డులో దోపుకుని, డప్పుల వెనక నాలుగడుగులు వేసి, ఆ నాలుగడుగులకే అలిసిపోయి, ఇంటి దారి పట్టారు.

ఆమె తలస్నానం చేసి, తాళంచెవి ఇప్పించుకుని, తడి జుట్టుతో, జాకెట్టు హుక్కులు కూడా సరిగ్గా పెట్టుకోకుండా తిరిగొచ్చేసరికి నేను ఆగి ముప్పావుగంట. మెయిన్ ఎత్తి, హీటర్లు వేసింది. అచ్చు విప్పింది. అచ్చు వెనక పిండి గాజులా మెరుస్తోంది. స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో కొట్టింది. గోరంత ముక్క ఎగిరిపడింది. స్క్రూ పట్టుకుని లాగింది. లోవమ్మ కూడా పట్టుకుంది. ఇద్దరూ గోడకి కాళ్ళు తన్నిపెట్టి లాగారు. నేను కదల్లేదు. కదలాలని నాకు లేదా?

శేషసాయి చెప్పిన వేళకే వచ్చాడు. సంగతి విని, కుర్చీలో కూర్చుని, "పర్వాలేదండి, చూస్తాను" అన్నాడు. ఒక గంట గడిచింది. రెండు టీలు తాగాడు. మూడోది వద్దన్నాడు. లేచి నిలబడ్డాడు.

"నేను ఇంక బయల్దేరాలండి. ఇంకో షెడ్డు వాళ్ళు ఎదురుచూస్తుంటారు. మరోసారి ఎప్పుడైనా..."

"మరోసారి ఉంటుందాండీ?" అంది హైమవతి.

అతను అబద్ధం చెప్పగలిగేవాడే. కానీ ఆమె మొహం చూసి చెప్పలేకపోయాడు. "ఉండదండి."

అప్పుడామె అచ్చు తిరిగి బిగించింది. పిండి మెత్తబడలేదని ఆమెకి తెలుసు. ఒక రాత్రంతా నానబెట్టి, మర్నాడు పగలంతా చెక్కితే తప్ప వదలదని తెలుసు. మోటారుకి బరువెక్కితే తనంతట తనే ఆగిపోయే ఏర్పాటు నాకు పుట్టుకతో ఉండేది గానీ, రాజమండ్రి యజమాని మాటిమాటికీ ఆగుతోందని తీయించేశాడనీ తెలుసు. అన్నీ తెలిసే, గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఒకసారి చూసి, పచ్చ బటన్ నొక్కింది.

మోటారు మూలిగింది. బెల్టు కాలిన వాసన. తర్వాత నా లోపల, ఎముక విరిగినట్టు ఒక చప్పుడు. గేర్‌బాక్సు నిలువునా చీలి, నూనె గచ్చు మీదికి పారింది.

శేషసాయి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏమైందండీ?"

అప్పటికి గంగరాజుగారు స్నానం చేసి, తెల్లపంచె కట్టుకుని, గుమ్మం దగ్గరికి వచ్చి ఉన్నారు. హైమవతి ఆయన వైపు చూసింది. లోవమ్మ వైపు చూసింది. లోవమ్మ నేల చూపులు చూస్తోంది.

"పాతదైపోయిందండి," అంది హైమవతి.

శేషసాయి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. గంగరాజుగారు మెల్లగా లోపలికొచ్చి, చీలిన నా ఒంటి మీద చెయ్యి పెట్టారు. 

"చూశావా అమ్మా, వాడు పోయిన రోజే ఇదీ పోయింది. ఇనప వస్తువుకి కూడా ఎంత విశ్వాసం! పోనీలే, వాడు వెళ్తున్నప్పుడు నా చేత్తో నేనే ఆపాను. వాడు నాకు పాతికేళ్ళు చేశాడు. మిల్లు మూసినప్పుడు ఒక్క మాట అనలేదు, దండం పెట్టి వెళ్ళిపోయాడు. వాడికి నేను చెయ్యగలిగింది ఆ ఒక్కటే."

ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పబోతోందో నాకూ లోవమ్మకీ తెలుసు. ఆయన కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. పంచె అంచు తడిసి ఉంది, స్నానం నీళ్ళో కన్నీళ్ళో తెలీలేదు.

"మంచి పని చేశారు మావయ్యగారూ," అంది. అని, పాత గుడ్డ తెచ్చి, కింద కూర్చుని, నూనె తుడవడం మొదలుపెట్టింది.

ఊరు మిగతా కథ అల్లింది. మేస్త్రి పోయాడని మర గుండె పగిలి చచ్చిపోయిందట. నాలుగు రోజులు జనం వచ్చి చూశారు. ఎవరో నా మీద పసుపూ కుంకుమా పెట్టారు. గంగరాజుగారు వచ్చిన ప్రతి మనిషికీ, మొదట్నుంచీ చెప్పారు, తను ఆపిన దగ్గరికొచ్చేసరికి కండువాతో కళ్ళు ఒత్తుకునేవారు. హైమవతి వాళ్ళకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది. పిండి రాయవడం గురించి ఆమె వీరభద్రానికి కూడా చెప్పలేదనుకుంటాను. చెప్తే, ఆయన నాన్నగారిని అడగమంటాడు.

శ్రావణం వెళ్ళింది. షెడ్డులోకి సిమెంటు బస్తాలు వచ్చాయి. చదువుకున్న పిల్ల కదా అని బస్తాల రాకపోకలు చూసే పని మావయ్యగారు ఆమెకే అప్పజెప్పారు. షెడ్డు తాళంచెవి ఇప్పుడు ఆమె కొంగునే ఉంటుంది.

నేను పాత ఇనప సామాన్ల దొడ్లో ఉన్నాను. రెండు వానాకాలాలు గడిచాయి. లోవమ్మ కూడా ఇక్కడే పని చేస్తోంది. ఊళ్ళోంచి వచ్చిన ప్లాస్టిక్కు ఏరి, రకానికొక కుప్ప వేస్తుంది. ఎండ ముదిరితే నా నీడన కూర్చుంటుంది. ఊరగాయల పార్సిళ్ళ అట్టపెట్టెలు కూడా వస్తుంటాయి. లోపల తెల్లటి థర్మాకోల్ ముక్కలే. గాలి వస్తే ఎగిరి నా గరాటాలో పడతాయి. మొదట్లో ఆమె చెయ్యి పెట్టి తీసేది. ఇప్పుడు తియ్యడం మానేసింది.

ఈ రోజు గ్యాస్ కటింగ్ మనిషి వచ్చాడు. కొత్తవాడు. సిలిండరు దింపుకుని, నా చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని చూసుకున్నాడు.

"అత్తా, మేస్త్రి చచ్చిపోతే ఏడ్చి చచ్చిపోయిన మర అంటారు, ఇదేనా?" అని అడిగాడు లోవమ్మని.

లోవమ్మ చేతిలో ఉన్న సీసా మూత తీసి ఒక కుప్పలోకి, సీసా ఇంకో కుప్పలోకి విసిరింది.

"ఆఁ, ఇదే," అంది.

"నిజంగానే అంటావా?"

"నేనక్కడే ఉన్నాను కదా," అంది లోవమ్మ. నిప్పురవ్వలు పడతాయని తన గోనెసంచి పట్టుకుని, దూరంగా జరిగి కూర్చుంది.